బెల్లం గది ఉత్తరపు గోడ

కృపానిధి మేస్త్రీ రోజూ పొద్దున్నే అనకాపల్లిలో బుచ్చయ్యపేట వైపు వెళ్ళే మొదటి బస్సు ఎక్కేవాడు. చెరకు తోటల మధ్య మట్టిబాట దగ్గర దిగి, ఫర్లాంగు దూరం నడిచి, త్రినాధరావు గారి రాతి ఇంటి ఉత్తరపు గోడ దగ్గర ఆగేవాడు. చెప్పులు విప్పి, సంచి కింద పెట్టేవాడు. పసిపిల్లకు ఒళ్ళు వెచ్చబడిందేమో చూసినట్టు, ఎడమచెయ్యి వెనక్కి తిప్పి గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. అందులో ప్రార్థన ఎంతసేపో, చెమ్మ చూడటం ఎంతసేపో పక్కనున్నవాళ్ళకు తెలిసేది కాదు. ఆ తరువాత తువ్వాలుతో చెయ్యి తుడుచుకునేవాడు. తువ్వాలుకు తడి అంటిందంటే ఆ పూట ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఇది 2006 వేసవి మాట. అప్పటికి అతనికి అరవై ఆరు దాటాయి. చిన్నప్పటి సున్నపు దుమ్ము, తరువాతి సిమెంటు దుమ్ము కలిసి ఛాతీలో పేరుకున్నాయి. బస్సు దిగాక ఆ ఫర్లాంగులో రెండుసార్లు గట్టు మీద కూర్చునేవాడు. ఇది కండక్టరు అప్పారావుకు తెలుసు. అందుకని అసలు స్టాపు దగ్గర కాకుండా, సరిగ్గా బాట మొదట్లో బస్సు ఆపించేవాడు.

“నీకోసం గవర్నమెంటు కొత్త స్టాపెట్టింది మేస్త్రీ. దిగు బేగి,” అనేవాడు.

“బోర్డెప్పుడు కడతారు బావా?”

“నువ్వే మేస్త్రీవి కదా, నువ్వే కట్టుకో.”

బస్సంతా నవ్వేది. మేస్త్రీ కూడా నవ్వబోయేవాడు గాని, మధ్యలో దగ్గు వచ్చేసేది.

ఆ గోడ కూలిపోకూడదు. ఆ వేసవంతా అతనికి ఉన్నది ఆ ఒక్క కోరికే. ఆ గోడ కట్టింది అతని తాత. పాడు చేసింది అతను.

ఆ ఇంటిని చుట్టుపక్కల అందరూ రాతిల్లు అనే పిలుస్తారు. త్రినాధరావు తాతకు మొదట అక్కడ తాటాకు ఇల్లు ఉండేది. పక్కనే బెల్లం వండే పొయ్యి. పొయ్యి నుంచి ఎగిరిన నిప్పురవ్వకు ఇల్లు రెండుసార్లు కాలిపోయింది. రెండోసారి ఇంటితోబాటు ఏడాది బెల్లం కూడా కాలింది. ఆ వాసన మూడు ఊళ్ళకు కొట్టిందని చెప్పుకుంటారు. ఆయన బూడిదలో నిలబడి, ఈసారి కాలనిది కడతాను అన్నాడట. రెండు వేసవులు ఎడ్లబళ్ళ మీద దగ్గర కొండ నుంచి నల్లరాయి తోలించాడు. కట్టడానికి కృపానిధి తాతను పిలిపించాడు. ఆయన అప్పటికి కొత్తగా బాప్టిస్టు సంఘంలో చేరినవాడు. ఆదివారం పని చెయ్యనని ముందే చెప్పాడట. అలాగే కానీ, మిగతా ఆరు రోజులూ బాగా చెయ్యి అని యజమాని ఒప్పుకున్నాడట.

తూర్పు ముఖం ఇల్లు. ముందు నాలుగు రాతి స్తంభాల వసారా, దాని కింద పొడుగాటి అరుగు. లోపల నడిమి గది, దక్షిణాన వంటిల్లు, ఉత్తరాన బెల్లం గది. పైన తాటి దూలాలు, వాటి మీద పెంకు. గోడ అడుగున మూడు మూరల మందం, పైకి వెళ్ళేకొద్దీ రెండు మూరలు. బయట వైపు ఒక వరస, లోపల వైపు ఒక వరస రాళ్ళు పేర్చి, మూడేసి వరసలకు ఒకచోట ఈ మొహం నుంచి ఆ మొహం దాకా వచ్చే పొడుగాటి రాయి వేశారు. దాన్ని కట్టురాయి అంటారు. అది రెండు వరసలనూ కలిపి పట్టుకుంటుంది. ఆ రాళ్ళు లేకపోతే గోడ నడిమికి చీలి రెండు గోడలైపోతుందని కృపానిధి చెప్పేవాడు. “ఆలుమొగుళ్ళ మద్దిన పెద్దమనిసి నాగ అన్నమాట,” అని దానికి అతని వివరణ.

సున్నం రాజయ్యపేట సముద్రపొడ్డు గుల్లలతో కాల్చింది. ఇసుక శారదా నదిది. ఎడ్లు తిప్పే గానుగలో ఆ రెండూ వేసి, కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు, బెల్లం వండేటప్పుడు తీసేసే తెట్టు పోసి, వెన్నలా అయ్యేదాకా నూరేవారు. ఆ సున్నం వానాకాలంలో కాస్త నీరు తాగి, ఎండలో మళ్ళీ వదిలేస్తుంది. అందుకే బెల్లం గదిలో మాఘమాసంలో పేర్చిన దిమ్మలు శ్రావణం దాటినా చెమర్చేవి కావు. ఆ గది ఇంట్లో ఆడవాళ్ళ చేతికింద ఉండేది. తాళం అత్త దగ్గర నుంచి కోడలికి వచ్చేది. త్రినాధరావు తల్లి అప్పలనర్సమ్మ పదిహేడో ఏట ఆ తాళం అందుకుంది.

కృపానిధి మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివాడు. తండ్రి వెంట సున్నం పని నేర్చుకున్నాడు. సున్నం పని తగ్గిపోయాక, విశాఖపట్నంలో ఉక్కు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో వెళ్ళి సిమెంటు పని పట్టుకున్నాడు. అక్కడ పదేళ్ళు చేసి, నడుముకు స్టీలు టేపు తగిలించుకుని తిరిగి వచ్చాడు. ఆ టేపు చూసి జనం అతన్ని మేస్త్రీ గారూ అనడం మొదలెట్టారు. అదే తన్ను చెడగొట్టిందని తరువాత తనే అనేవాడు.

1994లో త్రినాధరావు తండ్రి అప్పలరాజు గారు బతికే ఉన్నారు. ఆ ఏడు ఊళ్ళో అందరూ గోడలకు సిమెంటు వేయిస్తున్నారు. కృపానిధే వెళ్ళి అడిగాడు.

“బాబూ, ఈ రాయి కనపడతంటే ఇల్లు పాత జైలు నాగ ఉంది. లోపలా బయటా ఓ కోటింగు సిమెంటు కొట్టేమంటే పట్నం మేడ నాగ మెరిసిపోతాది.”

“ఎన్నాళ్ళుంటాదిరా?”

“మీ మనవలు సూత్తారు బాబూ.”

గుమ్మంలో నిలబడ్డ అప్పలనర్సమ్మ, “ఒరే కృపా, ఆ గోడకి ఊపిరాడొద్దేటిరా?” అంది.

“గోడకి ఊపిరేటే?” అన్నాడు అప్పలరాజు. “రేపు దానికి జలుబు సేసిందంటావు. మిరియాల కషాయం కాసి పొయ్యి.”

ఇద్దరు మగవాళ్ళూ నవ్వారు. ఆమె ఇంకా ఏదో చెప్పబోయి, ఆగి, లోపలికి వెళ్ళిపోయింది.

నెల రోజుల్లో సిమెంటు పని అయిపోయింది. ఆ పనిలో ఉండగా ఉత్తరపు గోడకు బయట మోకాలెత్తులో, లోపల నడుమెత్తులో, పిడికిలి పట్టేటన్ని కన్నాలు కనిపించాయి. ఎలుకలు చేశాయనుకుని కృపానిధి వాటిని కంకరా సిమెంటూ కలిపి గట్టిగా కూరి మూసేశాడు. మంచి పని చేశానని మురిశాడు కూడా.

మరుసటి శ్రావణానికి బెల్లం కారిపోయింది. గది తలుపు తీసేసరికి నల్లటి పాకం గడప దాకా వచ్చి ఉంది. చీమలు, ఈగలు. అప్పలనర్సమ్మ ఎవరినీ పిలవలేదు. రెండు రోజులు తనే పారతో ఎత్తిపోసింది. తరువాత గదికి తాళం వేసింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో బెల్లం నిలవ చెయ్యడం లేదు. వండింది వండినట్టు బజారుకు తోలేయడమే.

ఆమె కృపానిధితో మాట్లాడటం మానేసింది. తిట్టలేదు, రావద్దనలేదు. పని ఉంటే కోడలితో చెప్పించేది. అయినా అతను ఏ పనికి వచ్చినా, పది గంటల వేళ అరుగు మీద గ్లాసుడు మజ్జిగ ఉండేది. మీద నిమ్మాకు తేలేది. అది ఎవరు పెట్టారో అతను అడిగేవాడు కాదు. తాగి, గ్లాసు కడిగి, అక్కడే బోర్లించేవాడు. పదకొండేళ్ళు ఇలాగే గడిచింది.

2005 వానలకు ఉత్తరపు గోడ పొట్ట ముందుకు వచ్చింది. సిమెంటు పెచ్చు ఒకటి తలుపంత ఊడి పడింది. వెనకున్న రాయి మొహం ఇసుకలా రాలుతోంది. త్రినాధరావు పట్నం నుంచి ఒక ఇంజనీరును తీసుకొచ్చాడు. ఆయన గోడ అంతా తట్టి చూసి, లోపల తడి నిలిచిపోయిందనీ, ఆ గోడ తీస్తే కప్పు నిలవదనీ, మొత్తం తీసేసి పిల్లర్ల మీద కట్టుకోవడమే క్షేమమనీ చెప్పాడు. ఆయన కళ్ళకు కనిపించింది ఆయన చెప్పాడు. త్రినాధరావు కూడా ఆ ఇంటి మీద ప్రేమ లేనివాడు కాదు. కాని ఆ గోడ మూలకు ఆనుకునే, వసారా చివర, అతని కూతురు హాసిని చదువుకునే బల్ల ఉంది. తండ్రికి నిద్ర పడుతుందా?

కృపానిధికి ఈ సంగతి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఉప్మాక వెంకన్న కల్యాణానికి వెళ్ళొచ్చిన మర్నాడు త్రినాధరావే ప్రసాదం పట్టుకుని అతనింటికి వచ్చాడు. ప్రసాదం చేతిలో పెట్టి, ఇల్లు తీయించేస్తున్నానని చెప్పాడు.

కృపానిధి ప్రసాదం కళ్ళకద్దుకుని భార్య చేతికి ఇచ్చాడు.

“బాబూ, నాకీ ఒక్క ఎండాకాలం వొదిలెయ్యండి,” అన్నాడు. “నేనేసిన సిమెంటు నేనే తీసేత్తాను. పాత సున్నం మళ్ళీ ఎడతాను.”

“ఈ వయసులో నువ్వెక్కడ సేత్తావు మేస్త్రీ? సూడు, నిలబడితే ఆయాసపడతన్నావు.”

“కూకునే సేత్తాను.”

“అది పడిందంటే?”

“పడితే నా మీదే కదా బాబూ పడతాది. మీ పిల్ల బల్ల అటేపు మార్పించండి.”

త్రినాధరావు లేచి నిలబడి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “మృగశిర కార్తె దాకా సూత్తాను. అప్పటికి గోడ ఆరి నిలబడిందా, సరి. నేకపోతే పొక్లెయిన్ ఒచ్చేత్తాది. నన్నేటీ అనకు.”

అంటే జూన్ మొదటి వారం దాకా. మూడు నెలలు కూడా లేవు.

ముందు సున్నం కావాలి. అప్పటికి అనకాపల్లి చుట్టుపక్కల గుల్లసున్నం కాల్చేవాళ్ళెవరూ లేరు. కృపానిధి రాజయ్యపేట వెళ్ళాడు. అక్కడ పోతురాజు అనే జాలరికి పూర్వం ఎప్పుడో ఇంటి పునాది వేసి పెట్టాడు.

“గుల్లలేటి మేస్త్రీ? కూరొండుకుంటావేటి?” అన్నాడు పోతురాజు.

“గోడకి తినిపిత్తాను.”

“ముసిలోడివైపోయేవు గాని ఎకసెక్కాలు తగ్గనేదు.”

ఆ మాట అన్న పోతురాజే భార్యనూ, వదిననూ వెంటపెట్టుకుని రెండు రోజులు ఒడ్డంతా ఏరి, ఆరు బస్తాల గుల్లలు చేపల వ్యాను మీద పంపించాడు. బస్తాలు విప్పితే నాలుగు వీధులు కంపు కొట్టాయి. ఒక బస్తా అడుగున అరిటాకులో చుట్టిన ఉప్పుచేపలు ఉన్నాయి. గోడకు కాదు, మనిషికి.

పొలం గట్టున చిన్న బట్టీ పెట్టి, బొగ్గూ గుల్లలూ పొరలు పొరలుగా పేర్చి కాల్చాడు. కాలిన సున్నాన్ని నీళ్ళలో చల్లార్చి, గుంటలో నెల రోజులు నాననిచ్చాడు. నూరడానికి ఇప్పుడు ఎడ్లెక్కడివి, గానుగెక్కడిది? ఇంట్లో రుబ్బురోలు ఉంది. భార్య లూర్దు మేరీ ప్రార్థనకు వెళ్ళిన వేళ చూసి అందులో సున్నం వేశాడు. ఆమె తిరిగి వచ్చేసరికి రోలు తెల్లగా మెరుస్తోంది.

“ఓలమ్మో! ఇదేటి సేసేవు? మా అమ్మ పెట్టిన రోలది!”

“కడిగేత్తాను.”

“కడిగితే పోతాదేటి? రేపు ఇడ్లీ తిని నోరు పొక్కితే ఎవరికి సెప్పుకోవాల? మీ పాస్టరు గారికా, మా ఫాదరు గారికా?”

ఆమె క్యాథలిక్కు, అతను బాప్టిస్టు. నలభై ఏళ్ళుగా ఆదివారం ఇద్దరూ చెరో దారిన వెళ్ళి, ఒకే అన్నం తింటున్నారు.

“ఇద్దరికీ సెప్పు. ఇద్దరూ ప్రార్తన సేత్తే గోడ బేగి ఆరతాది,” అన్నాడతను.

ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకుని వచ్చి కూర్చుని, పొత్రం తన చేతిలోకి లాక్కుంది. “తప్పుకో. దగ్గుతా దగ్గుతా రుబ్బితే సున్నంలో ఉమ్మడతాది.” ఆ సాయంత్రం నుంచి రోజూ సున్నం రుబ్బింది లూర్దు మేరీయే. ఇరుగింటావిడ చిన్నమ్మలు, రోలు సున్నానికే పోయిన ఆ నెలా పదిరోజులూ గిన్నెడు ఇడ్లీపిండి పంపిస్తూనే ఉంది. ఒక్కరోజు మానలేదు.

సిమెంటు తియ్యడం వెయ్యడం కన్నా కష్టమైంది. గట్టిగా కొడితే దాంతోబాటు రాయి మొహం ఊడి వస్తుంది. అందుకని చిన్న ఉలి, చిన్న సుత్తి పట్టుకుని, అరచెయ్యంత మేర చొప్పున మెల్లగా వదిలించాలి. అతను పీట వేసుకుని కూర్చునేవాడు. నాలుగు దెబ్బలు కొట్టి ఆగేవాడు. ఊపిరి తీసుకుని మళ్ళీ నాలుగు దెబ్బలు. కూలికి మనిషిని పెడతానని త్రినాధరావు అంటే ఒప్పుకోలేదు. పైనున్న పని మాత్రం నిచ్చెనెక్కి చెయ్యలేక, చివరికి ఒక మనిషిని వారం రోజులు ఒప్పుకున్నాడు. అతను దిగాక ప్రతి అంగుళం కింద నుంచి చూసి, “అక్కడ... అక్కడ ఇంకా ఉంది నాయినా” అని వేలు చూపించేవాడు.

మధ్యాహ్నం వేపచెట్టు నీడలో తువ్వాలు పరుచుకుని పడుకుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. “ప్రభువా, నేను అలిసిపోయేను,” అని పైకే అనేవాడు. ఒకసారి అది విన్న త్రినాధరావు, “మానెయ్యరాదేటి?” అన్నాడు జాలిగా. “ఆయనకి సెప్పుకున్నాను గాని మీకు సెప్పలేదు బాబూ,” అని లేచి మళ్ళీ పీట మీద కూర్చున్నాడు.

తీసినకొద్దీ తాత చేతిపని బయటపడింది. ఆ రాళ్ళు ఒకదానికొకటి ఎంత ఒద్దికగా కూర్చున్నాయంటే, కొన్నిచోట్ల సున్నం లేకపోయినా కదలవు. పొట్ట వచ్చినచోట కూడా కట్టురాళ్ళు పట్టు వదల్లేదు. ఒక మూల సున్నంలో నాలుగు వేళ్ళ గుర్తులు అచ్చు పడి ఉన్నాయి. చిన్న వేళ్ళు. అప్పట్లో గోడ నునుపు చేసే పని ఆడకూలీలది. పేరు తెలియని ఆ అమ్మాయి ఎప్పుడో చనిపోయి ఉంటుంది. కృపానిధి ఆ చోట ఉలి పెట్టకుండా చుట్టూ తీశాడు.

మే నెల రెండో వారంలో, మోకాలెత్తున ఒక సిమెంటు పెచ్చు తీయగానే గట్టిగా కూరిన కంకర కనిపించింది. తను మూసిన ఎలుక కన్నం. ఉలితో కంకర పెకిలించాడు. చెయ్యి దూర్చాడు. ఎలుక తవ్వినట్టు వంకరటింకరగా లేదు. నాలుగు వైపులా పలక రాళ్ళు పరిచి ఉన్నాయి. దారి తిన్నగా కాక, గోడ మందంలోనే పైకి వాలి వెళుతోంది. మూర దూరంలో మరొకటి. ఆ పక్కన ఇంకొకటి. సాయంత్రానికి ఏడు తేలాయి. ఏడూ ఒకే కొలత.

అతను పీట మీద నుంచి నేల మీదికి జారి కూర్చుండిపోయాడు. ఆ దారులు తాత పెట్టినవి. వాన లోపలికి రాకుండా, గాలి మాత్రం కింద నుంచి పైకి ఎక్కేటట్టు పెట్టినవి. తాత చెప్పలేదు, తను అడగలేదు. ఎలుక కన్నాలని తనే కూరేశాడు.

ఎంతసేపు అలా ఉన్నాడో, పక్కన అడుగుల చప్పుడైతే తలెత్తాడు. అప్పలనర్సమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. అరుగు మీద పెట్టలేదు.

“అయ్యేటో నాకు తెలుసురా,” అంది. పదకొండేళ్ళ తరువాత మొదటి మాట. “మా అత్త మూడ్రోజులకోసారి కోడీకతో బూజు తీసీది. నేనూ తీసీదాన్ని.”

“మరి ఆ రోజు సెప్పలేదేటమ్మా?”

“సెప్పబోతే నువ్వూ మా ఆయనా నవ్వేరు కదరా.”

కృపానిధి తల వంచుకున్నాడు. ఆమె కూడా అరుగు అంచున కూర్చుంది.

“నేనూ సెప్పాలనే అనుకున్నాను,” అంది. “మొగోల్లు నవ్వేరని మూతి ముడుసుకున్నాను. బెల్లం పోయింది. పోతే పోనీ, ఈలకి తెలిసొత్తాదనుకున్నాను. అదీ తప్పే. మజ్జిగ తాగు, ఏడెక్కిపోతాది.”

మర్నాడు లోపలి వైపు కూడా తెరిచేశారు. తాళం ఆమే తీసింది. చివరి కన్నం లోంచి కంకర ఊడి పడగానే, గదిలో మూసుకుపోయి ఉన్న పుల్లటి వాసన కదిలింది. కృపానిధి జేబులోంచి ఒక అగ్గిపుల్ల తీసి వెలిగించి కన్నం ముందు పెట్టాడు. మంట గది లోపలి వైపు వాలింది. ఆమె దాన్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మే నెలాఖరు నాటికి గోడ చల్లగా ఉన్నా తడి తగ్గింది. తువ్వాలు పొడిగా ఉండే రోజులు ఎక్కువయ్యాయి. త్రినాధరావుకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఇంజనీరును మళ్ళీ పిలుస్తానన్నాడు.

“ఇంజినీరెందుకురా?” అంది తల్లి. “ఆ గదికి ఇంజినీరు బెల్లమే.”

ఆ ఇళ్ళల్లో పాత ఆనవాయితీ అది. నిలవకు పెట్టే ముందు బెల్లం గడ్డ ఒకటి పళ్ళెంలో పెట్టి, గదిలో వదిలి, తలుపు మూస్తారు. గడ్డ చెమరిస్తే గది పనికిరాదు. మామూలుగా ఒక్క రాత్రి ఉంచితే చాలు. అప్పలనర్సమ్మ ఒక గడ్డ తెచ్చి పళ్ళెంలో పెట్టింది. ఒక రాత్రి కాదు, మూడు పగళ్ళూ మూడు రాత్రులూ ఉంచుతానంది. ఆ మూడు రోజులూ ఆకు కదల్లేదు. ఉక్కపోతకు మనుషులే కరిగిపోయేటట్టున్నారు. సముద్రం వైపు నుంచి మబ్బులు వచ్చి కురవకుండా నిలబడ్డాయి. కృపానిధి ఆ మూడు రోజులూ అన్నం సరిగా తినలేదని లూర్దు మేరీ చెబుతుంది.

నాలుగో రోజు పొద్దున తలుపు తీశారు. అప్పలనర్సమ్మ పళ్ళెం వసారాలోకి తెచ్చి, గడ్డను వేలితో రాసి, కొడుకుకు చూపించింది. వేలు పొడిగానే ఉంది. గడ్డ ఎత్తి అరుగు రాతికేసి కొట్టింది. టక్కున పగిలింది.

“ఇంజినీరేటంటన్నాడు?” అంది.

త్రినాధరావు ఒక ముక్క నోట్లో వేసుకుని, రెండో ముక్క మేస్త్రీకి అందించాడు. “పొక్లెయినోడిని రావొద్దంటాను,” అన్నాడు. “కానీ మేస్త్రీ, పైన సున్నం లేకుండా ఈ రాలిపోయిన రాయి మొహాన వాన కొడితే మళ్ళీ మొదటికొత్తాది. కార్తె రాకముందే నీ పూత అవ్వాల.”

“అవుతాది బాబూ.”

అయింది. చివరి పూత వేసిన రోజు కృపానిధి చెయ్యి పైకి లేవక, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని తాపీ నడిపించాడు. గోడ కింది భాగం, ఆ ఏడు కన్నాల చుట్టూ, తనే వేశాడు. మిగతాది అతను చెబుతుంటే కూలిమనిషి వేశాడు. ఆ సాయంత్రం దగ్గితే తువ్వాలు మీద నెత్తురు చార పడింది. తువ్వాలు మడిచి సంచిలో పెట్టాడు గాని, అది అప్పటికే త్రినాధరావు కంట పడింది.

కూతురు షెకీనా విశాఖపట్నంలో నర్సు. ఫిబ్రవరి నుంచి ఆస్పత్రిలో చేరమని పోరుతోంది. ఈసారి తనే వచ్చి, మర్నాడు ఉదయం తీసుకుపోతానని కూర్చుంది. కనీసం నెల రోజులు కదలనివ్వరట. తండ్రి ఇంకొక్క నెల ఆగమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. అతనూ ఇక వాదించలేకపోయాడు. వాదించడానికి ఊపిరి లేదు.

కాని గుల్లసున్నం సిమెంటు లాంటిది కాదు. వేసిన పూత రోహిణి ఎండకు వడిగా ఆరిపోతే బీటలు వారి పెచ్చులుగా ఊడిపోతుంది. ఇరవయ్యొక్క రోజులు దాన్ని మెల్లగా తడుపుతూ ఉండాలి. ఎక్కువ పోస్తే జారుతుంది, తక్కువైతే పగులుతుంది. తడిపే వాళ్ళు ఒక్క పూట ఏమరినా మూడు నెలల పనీ పోతుంది. అది పోతే వాన రాయి మీదే పడుతుంది. ఆ తరువాత ఇంకో వేసవి అడగడానికి అతను ఉండకపోవచ్చు.

వెళ్ళే రోజు ఉదయం ఆటో రాతిల్లు మీదుగా తిప్పించాడు. షెకీనా ఆటోలోనే కూర్చుంది. త్రినాధరావు ఎదురొచ్చి, “బెంగెట్టుకోకు మేస్త్రీ, మోటారుంది, పైపుంది, ఇద్దరు పనోల్లని ఎడతాను,” అన్నాడు. కృపానిధి ఆ మాటకు దండం పెట్టి, నేరుగా వసారాలోకి వెళ్ళాడు. అప్పలనర్సమ్మ స్తంభం దగ్గర చాటలో బియ్యం చెరుగుతోంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఆ ఇంటి పెద్ద. తన తాత దగ్గర నుంచి ముగ్గురు మేస్త్రీలు ఆ ఇంటివాళ్ళు చెప్పిన పని చేశారు గాని, ఆ ఇంటివాళ్ళకు పని చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. అతను అరుగు కింద నిలబడి, చేతులు కట్టుకున్నాడు.

“అమ్మా, మిమ్మల్ని ఓ పని అడుగుతాను, ఏటనుకోకండి.”

“అడుగు.”

“నీల్లు మీరే సల్లండమ్మా. పైపెడితే సున్నం కొట్టుకుపోతాది, పనోల్లు బకెట్టెత్తి కుమ్మరించేత్తారు. ఆలకి సెప్పినా అంతే. కొబ్బరీనల చీపురు ముంచి ఇదిలించండి, మంచు పడినట్టుండాల. పొద్దున్న ఎండ గోడెక్కకముందోసారి, మజ్జానం గోడకి గోనె కట్టి ఆ సాటునోసారి, దీపాలేల ఇంకోసారి. కన్నాల్లోకి మాత్రం నీరెల్లనివ్వకండి. ఇరవయ్యొక్క రోజులు. కాల్లు నెప్పెడితే పీటేసుకుని కూకుని సల్లండి. కానీ ఇంకెవరికీ ఒప్పజెప్పకండమ్మా.”